ఒక్కో వెంట్రుకా లెక్కే: ఎలక్ట్రాలిసిస్‌తో నా 23 నెలలు

2023 జూన్ 11న మొదలై 2025 మే 11న ముగిసిన ఒక చికిత్స గురించి రాస్తున్నాను. ముఖం మీది వెంట్రుకలను ఎలక్ట్రాలిసిస్‌తో, అంటే ఒక్కో వెంట్రుక పక్కన సన్నటి సూది దించి కరెంటుతో దాని కుదురును చంపే పద్ధతిలో, శాశ్వతంగా తీయించుకోవడం కోసం నేను 38 సార్లు హనుమకొండ నుంచి హైదరాబాద్ వెళ్లి వచ్చాను, 28 గంటలకు పైగా సూది కింద పడుకున్నాను. మొదలుపెట్టే ముందు నాకు దొరికిన సమాచారమంతా ‘నొప్పి తక్కువ, ఫలితం శాశ్వతం’ అనే రెండు ముక్కల్లో తేలిపోయింది. ఆ రెండు ముక్కల మధ్య ఏముంటుందో ఎవరైనా వరుసగా చెబితే బాగుండేదని ఆ రోజుల్లో చాలాసార్లు అనిపించింది కాబట్టి, జరిగింది జరిగినట్లు చెబుతాను.

మన భాషలో గడ్డం అంటే ముఖంలో ఒక భాగమూ అవుతుంది, మగవాళ్లకు పెరిగే వెంట్రుకలూ అవుతాయి. ‘గడ్డం మీద ఏదో అంటుకుంది, తుడుచుకో’ అని ఎవరైనా మామూలుగా అన్నా, 17 ఏళ్ల పాటు నాకు గుండె జారిపోయేది. పందొమ్మిదో ఏట పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) అని తేలినప్పటి నుంచి పసుపు, సున్నిపిండి, త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచింగ్ అన్నీ అయ్యాయి. పెళ్లయ్యాక ఇంట్లో ఎవరూ లేవకముందే బాత్రూంలో గడియ పెట్టుకుని, కిటికీ వెలుతురులో ప్లకర్‌తో ఒక్కొక్కటీ పీక్కోవడం పళ్లు తోముకోవడంలాగే రోజువారీ పనైపోయింది. మా ఆయనకు తెలుసు, కానీ ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

2018, 2019 సంవత్సరాల్లో ఎనిమిది సిట్టింగులు లేజర్ చేయించుకుని 32,000 రూపాయలు ఖర్చు పెట్టాను. గడ్డం కింది మందపాటి నల్ల వెంట్రుకలు పలచబడ్డాయి గానీ, అంతకు ముందు నూగులా ఉన్న చెంపల పక్క భాగం ఆరు నెలల్లో నల్లబడి గట్టిపడింది. హార్మోన్ల తేడా ఉన్న చామనఛాయ ఆడవాళ్లలో కొందరికి లేజర్ తగిలిన చోటు చుట్టూ ఇలా కొత్తగా పెరుగుతాయని చర్మవైద్యురాలు తరువాత చెప్పారు. సిట్టింగులకు డబ్బు కట్టించుకున్నవారు మాత్రం ఆ ముక్క ముందుగా చెప్పలేదు. పైగా లేజర్ వెంట్రుకలోని నలుపును వెతుక్కుని కాలుస్తుంది కాబట్టి, అప్పటికే వచ్చిన నాలుగైదు తెల్ల వెంట్రుకల జోలికి అది పోనేలేదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ లేజర్‌ను వెంట్రుకలను శాశ్వతంగా తగ్గించే పద్ధతిగానూ, ఎలక్ట్రాలిసిస్‌ను శాశ్వతంగా తొలగించే పద్ధతిగానూ వేరు చేసి చూస్తుందని ఆమె చెప్పిన రోజునే నా మనసు ఇటు మళ్లింది.

2023 జనవరిలో ఆమె ముందుగా రక్త పరీక్షలు రాశారు. టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్, థైరాయిడ్, చక్కెర, ఇంకా రెండు మూడు కలిపి 4,200 రూపాయలు అయ్యాయి. లోపల హార్మోన్ల సంగతి చూసుకోకుండా పైన తీయిస్తూ పోతే, తీసినవి తిరిగి రాకపోయినా పక్కన నూగు కొత్తగా ముదురుతూనే ఉంటుందని చెప్పి, హార్మోన్ల వైద్యుడైన ఎండోక్రినాలజిస్టు దగ్గరికి పంపారు. ఆయన మగ హార్మోన్ల ప్రభావాన్ని తగ్గించే స్పైరొనోలాక్టోన్ మాత్రలు రాస్తూ, ఆ మందు వాడినన్నాళ్లూ గర్భం రాకూడదనీ, మధ్యమధ్య రక్తంలో పొటాషియం చూపించుకోవాలనీ, ఆరు నెలల లోపు తేడా కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దనీ చెప్పారు. ఆ మందుకు మూత్రం ఎక్కువగా వస్తుంది. ఉదయం రైలెక్కే రోజుల్లో మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆయననే అడిగి వేళ మార్చుకోవలసి వచ్చింది.

ఈ 38కి ముందు నాలుగు సిట్టింగులు నేను తప్పు చోట చేయించుకున్నాను. ఇంటికి దగ్గరని, అర గంటకు 600 రూపాయలేనని 2023 ఫిబ్రవరి 12న ఒక బ్యూటీ సెంటర్‌లో మొదలుపెట్టాను. అక్కడి అమ్మాయి సూది ప్యాకెట్‌ను నా కళ్ల ముందు విప్పలేదు, అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. భూతద్దం దీపం లేదు. సూది గుచ్చిన ప్రతిసారీ చర్మం చురుక్కుమనేది, ఆ తరువాత వెంట్రుకను పట్టి లాగితే ప్లకర్‌తో పీకినప్పుడు ఎలా తెగి వస్తుందో అలాగే వచ్చేది. నాలుగో వారానికి గడ్డం ఎడమ పక్కన గసగసాలు చల్లినట్లు నల్లటి పొక్కులు కట్టాయి. అవి రాలిపోయాక మచ్చలు మిగిలాయి, ఒకచోట చిన్న గుంట పడింది. ఆ గుంట ఇప్పటికీ ఉంది.

చర్మవైద్యురాలికి చూపిస్తే కోప్పడలేదు. సూది రోమకూపం అడుగు దాకా దిగకుండా పైనే ఆగిపోయి, అక్కడే వేడి పుట్టిస్తే చర్మం కాలుతుందనీ, కుదురు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుందనీ బొమ్మ గీసి చూపించారు. మచ్చలు మానడానికి మూడు నెలలు ఆగమన్నారు. ఆ మూడు నెలలూ ప్లకర్, దారం, వ్యాక్స్ ఏవీ తాకకూడదన్నారు, ఎందుకంటే పీకేసిన కూపంలో సూదికి దారి చూపించే వెంట్రుక ఉండదు. కత్తెరతో కత్తిరించుకోవచ్చు, రేజర్ కూడా వాడుకోవచ్చు. రేజర్ పెడితే గట్టిపడతాయని చిన్నప్పటి నుంచి విన్నానని అంటే, కొస మొద్దుబారి చేతికి గరుకుగా తగలడమే తప్ప వెంట్రుక మందంలో మార్పు రాదని నచ్చజెప్పారు.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా కష్టమైనది సూది నొప్పి కాదు, ఆ వెంట్రుకలను ఉండనివ్వడం. ఏప్రిల్ చివర్లో నేను పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చాక కత్తిరించడం కూడా తగ్గించాను. ఒక మధ్యాహ్నం అత్తమ్మ పక్కన కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే ఆమె చూపు నా గడ్డం మీద ఆగింది. నేను కొంగు పైకి లాక్కున్నాను. ఆమె కాసేపు గింజలు తీసి, తల ఎత్తకుండానే, “నాకూ ఉండేటియి బిడ్డా. జారకుండ బూడిద రాసుకొని గోళ్లతోటి పీక్కునేదాన్ని. మీ మామకు తెల్వకనే పోయిండు” అంది. పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ తరువాత నేను సిట్టింగుకు వెళ్లే ప్రతి ఆదివారం పొద్దున నా టిఫిన్ డబ్బా ఆమే కట్టేది.

చర్మవైద్యురాలు పంపిన చోటు బేగంపేటలో ఉంది. అక్కడ సూది పెట్టే ఆవిడకు యాభై దాటి ఉంటాయి, చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నారు. అక్కా అని పిలిచేదాన్ని. జూన్ 11న, అంటే బడులు తెరవడానికి సరిగ్గా ఒకరోజు ముందు, మొదటిసారి వెళ్లాను. గుండెకు పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో లోహపు ప్లేట్లు గానీ స్క్రూలు గానీ ఉన్నాయా, గర్భం ఉందా, ఏ మందులు వాడుతున్నాను, గాయాలు మానితే ఉబ్బెత్తు మచ్చలు పడతాయా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. తరువాత సీలు వేసిన సూదిని నా ముందే చించి తీసి, వాడేశాక నా ముందే డబ్బాలో పడేశారు. 38 సార్లూ అలాగే చేశారు. కొత్త చోటికి వెళ్లేవారు ముందు ఈ ఒక్కటి చూసుకోండి, మొహమాటపడకుండా అడగండి.

ఆమె వాడేది బ్లెండ్ పద్ధతి. నేను పదో తరగతికి భౌతిక రసాయన శాస్త్రం చెబుతాను కాబట్టి ఆ వివరణ విన్నప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇక్కడ రాయకుండా ఉండలేను. నా కుడి చేతిలో తడి స్పాంజి చుట్టిన లోహపు కడ్డీ పెట్టారు, అది ధన ధ్రువం. వెంట్రుక పక్కనుంచి కూపంలోకి దిగే సన్నటి సూది ఋణ ధ్రువం. చర్మంలోని తేమ, ఉప్పు గుండా ఏకముఖ విద్యుత్తు ప్రవహించినప్పుడు సూది కొస దగ్గర సోడియం హైడ్రాక్సైడ్ పుడుతుంది, ఆ క్షారం కుదురును కరిగిస్తుంది. ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేస్తే క్షారం వస్తుందని క్లోర్-ఆల్కలీ పాఠంలో ఏటా నల్లబల్ల మీద రాసే చర్యే నా గడ్డం కింద జరుగుతోందన్నమాట. దాంతో పాటు అదే సూదిలోంచి అధిక పౌనఃపున్య విద్యుత్తును కూడా పంపితే పుట్టే వేడికి ఆ క్షారం ఇంకా చురుగ్గా పని చేస్తుంది. ఏళ్ల తరబడి పీకడం వల్ల నా కూపాలు చాలావరకు వంకర తిరిగాయనీ, నిటారు సూది అందని ఆ వంపుల్లోకి క్షారం పారుతుంది కాబట్టి నాకు వట్టి వేడి పద్ధతి కన్నా ఇదే నయమనీ అక్క చెప్పారు.

మొదటి వెంట్రుక తీశాక ఆమె దాన్ని తెల్ల టిష్యూ మీద పెట్టి భూతద్దం నా వైపు తిప్పారు. ఉల్లినారు మొక్కను మడిలోంచి పైకి తీస్తే అడుగున చిన్న గడ్డ ఎలా ఉంటుందో, ఆ వెంట్రుక చివర అలాంటి నల్లటి బొడిపె ఉంది, దాని చుట్టూ గాజులా మెరిసే జిగురు తొడుగు ఉంది. పట్టుకుని ఎత్తితే చాలు, ఎలాంటి లాగుడూ లేకుండా జారి వచ్చింది. లాగినట్టు తెలిసిందంటే అది సరిగా పడలేదని అర్థం, అప్పుడు మళ్లీ కరెంటు ఇస్తారు. ఈ తేడా తెలిశాక, ఫిబ్రవరిలో నేను కట్టిన డబ్బు దేనికి కట్టానో కూడా తెలిసింది.

నొప్పి గురించి అందరూ అడుగుతారు. సూది లోపలికి దిగడం తెలియదు. కరెంటు వచ్చినప్పుడు మాత్రం పోపులోంచి నూనె చుక్క చిట్లి పడినట్లు ఒక చోట చురుక్కుమని, పది పన్నెండు సెకన్ల పాటు వేడెక్కి ఆగిపోతుంది; మళ్లీ పక్కన మొదలవుతుంది. దవడ మీద ఓర్చుకోవచ్చు. గడ్డం నడిమధ్యన పళ్లు బిగబట్టాలి. పై పెదవి మీద, అందులోనూ ముక్కు కింద, నేను ఏడవకపోయినా కళ్ల నుంచి నీళ్లు కారిపోయేవి, తుమ్ములు వచ్చేవి. తుమ్ము వచ్చేలా ఉంటే ముందుగా వేలు ఎత్తమని అక్క నేర్పారు. నెలసరికి ముందు రోజుల్లో ఇదే నొప్పి రెట్టింపుగా తోచేది, కాబట్టి పై పెదవిని ఆ వారం వదిలేసేవాళ్లం. కాఫీ తాగి రావద్దనీ, ముందు రోజు నుంచే నీళ్లు బాగా తాగమనీ ఆమె చెప్పేవారు, ఆ మాట పాటించిన రోజుల్లో నాకు తేడా కనిపించింది.

మత్తు క్రీము పని చేయాలంటే గంట ముందు దట్టంగా రాసి, గాలి తగలకుండా ప్లాస్టిక్ పొరతో మూసి ఉంచాలి. కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి మెట్రోలో బేగంపేట చేరే నాకు ఆ గంట ప్రయాణంలోనే గడిచేది. ఘట్‌కేసర్ దాటుతుండగా బాత్రూం దగ్గరి అద్దంలో చూసుకుంటూ క్రీము రాసి, వంటింట్లో గిన్నెల మీద కప్పే పల్చటి పొర అంటించి, పైన మాస్కు పెట్టుకునేదాన్ని. ఎన్ని గ్రాములు మించకూడదో చర్మవైద్యురాలు చీటీ మీద రాసిచ్చారు. చర్మం గుండా ఎక్కువగా ఒంట్లోకి చేరితే ప్రమాదమట. అది నొప్పిని సగం చేస్తుందే తప్ప పూర్తిగా తీసెయ్యదు.

గంట సిట్టింగు అయ్యేసరికి ముఖం ఎర్రబడి, తేనెటీగలు కుట్టినట్లు ఉబ్బేది. వాపు సాయంత్రానికి, ఎరుపు మర్నాటికి తగ్గేవి. మూడో రోజుకు సూదిమొన అంత పొక్కులు కట్టి, వారంలో వాటంతట అవే రాలేవి, గిల్లితే మచ్చే. రెండు రోజులు పొయ్యి సెగకు, చెమటకు దూరంగా ఉండాలి, సన్‌స్క్రీన్ లేకుండా గడప దాటకూడదు. అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ పసుపు రాసుకోమనేది. తెరుచుకుని ఉన్న కూపాల మీద ఏ పొడీ పెట్టవద్దని అక్క గట్టిగా చెప్పారు కాబట్టి, రాసుకున్నానని ఒకసారి అమ్మతో అబద్ధం కూడా చెప్పాను.

బడిలో ఇంకో కథ. సూదికి వెంట్రుక అందాలంటే రెండు మూడు రోజుల పెరుగుదల కనిపించాలి కాబట్టి, సోమవారం నుంచి బుధవారం దాకా కత్తిరించుకున్నా గురువారం నుంచి వదిలేయాలి. శుక్ర, శనివారాల్లో మాస్కుతో పాఠం చెప్పేదాన్ని. ఒక శనివారం ప్రయోగశాలలో ఏదో చూపిస్తూ మాస్కు కిందికి లాగాను. ముందు బెంచీలోని తొమ్మిదో తరగతి పిల్ల నన్నే చూస్తూ ఉండిపోయింది. గంట కొట్టాక అందరూ వెళ్లేదాకా ఆగి, “మేడం, మీకు కూడా వస్తాయా?” అని అడిగింది. ఆ ‘కూడా’ అన్న మాట నాకు అర్థం కావడానికి ఆమె పై పెదవి వైపు చూడవలసి వచ్చింది. వస్తాయని చెప్పాను. ఎక్కడికి వెళ్తున్నానో, ఆమె వయసులో తొందరపడి ఏమీ చేయించుకోకుండా ముందు అమ్మతో కలిసి డాక్టరుకు చూపించుకోవడం ఎందుకు మంచిదో కూడా చెప్పాను. ఆ తరువాత శనివారాలు మాస్కు పెట్టుకోలేదు.

జులైలో నేను దాదాపు మానేద్దామనుకున్నాను. ఆరు సిట్టింగులకు సూదులతో కలిపి దాదాపు పది వేలు కట్టినా, అద్దంలో వెంట్రుకలు ఎన్ని ఉండేవో అన్నే కనిపిస్తున్నాయి. అక్క నింపాదిగా వివరించారు. ఏ సమయంలోనైనా కొన్ని వెంట్రుకలు పెరుగుతూ, కొన్ని విశ్రాంతిలో ఉంటాయి. పెరుగుతున్న దశలో దొరికితేనే కుదురు పూర్తిగా చస్తుంది. జూన్‌లో తీసినవి వేరు, ఇప్పుడు లేస్తున్నవి వేరు. ఇన్నేళ్లూ వంతులవారీగా పీకుతూ వచ్చినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా బయటికి వస్తున్నాయి. సరిగా ఆ వారమే, జులై 27, 28 తేదీల వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగి, కాజీపేటలో పట్టాల మీదికి నీళ్లు చేరి రైళ్లు రద్దయ్యాయి. 30వ తేదీ సిట్టింగు పోయింది. రెండు వారాల పెరుగుదలతో ఆగస్టు 6న వెళ్లి భూతద్దం కింద చూసుకుంటే, దవడ కుడి పక్కన అరంగుళం మేర ఏమీ లేదు. చేత్తో తడిమాను. నున్నగా ఉంది. తిరుగు ప్రయాణంలో సికింద్రాబాద్ నుంచి జనగామ దాకా నా వేలు ఆ చోటనే ఉంది.

అక్కడి నుంచి లెక్క ఇలా నడిచింది. సెప్టెంబరు 17 దాకా వారం వారం గంట చొప్పున 14 సిట్టింగులు, అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా పదిహేను రోజులకోసారి ముప్పావు గంట చొప్పున 12, ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నెలకోసారి అరగంట చొప్పున తొమ్మిది, 2025లో పావుగంట చొప్పున మూడు. నిమిషానికి 25 రూపాయల లెక్కన చికిత్సకు 42,375, సూదికి 150 చొప్పున 5,700, రైలు, మెట్రో, మధ్యాహ్న భోజనం కలిపి 11,400 దాకా అయ్యాయి. మత్తు క్రీము, సన్‌స్క్రీన్, మందులు, పరీక్షలు వేరు. నెలనెలా జీతంలోంచి పోయింది కాబట్టి భారం ఒక్కసారిగా తెలియలేదు గానీ, ఇన్ని ఆదివారాలు ఇంట్లో లేకపోవడం మా అబ్బాయికి తెలిసింది. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఎక్కడికి వెళ్తున్నావని అడిగితే ముఖానికి వైద్యమని చెప్పేదాన్ని, ముఖం బాగానే ఉంది కదా అనేవాడు.

నల్ల మచ్చలు వెంట్రుకల కన్నా మొండివి. సిట్టింగులు నెలకోసారికి తగ్గాకనే అవి తేలికపడడం మొదలైంది, 2024 దసరా నాటికి దగ్గరగా చూస్తే తప్ప తెలియనంతగా పోయాయి. తెల్ల వెంట్రుకలు అన్నిటికన్నా ఆలస్యంగా లొంగాయి, దీపం కోణం మార్చి మార్చి వెతికితే గానీ అక్క కంటికి దొరికేవి కావు. పై పెదవి అన్నిటికన్నా ముందు శుభ్రపడింది, గడ్డం నడిమధ్య భాగం చివరి దాకా సతాయించింది. స్పైరొనోలాక్టోన్ తక్కువ మోతాదులో ఇప్పటికీ వాడుతున్నాను.

మే 11న కుర్చీలో పడుకున్నాక అక్క చాలాసేపు దీపం తిప్పి తిప్పి చూసి, ఏడు వెంట్రుకలు తీసి, మిషన్ ఆపేశారు. మళ్లీ ఏ తేదీకి రమ్మంటారని అడిగితే పుస్తకం తెరవలేదు. “పది పోగైతే ఫోన్ చెయ్యమ్మా, రెండు మూడింటి కోసం రైలు ఛార్జీ దండగ” అన్నారు.

ఇప్పటికి నాలుగు ఉన్నాయి.